ఊళ్ళో లయన్స్ క్లబ్బు: అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళకు

వీసా మీద ఉన్నవాళ్ళం లయన్స్ క్లబ్బులో చేరొచ్చా, చేరితే ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. చేరొచ్చు. చేరమనే మా సలహా. తెలుగు సంఘం ఎలాగూ ఉంటుంది, కానీ మీ ఊరు మీకు తెలిసేది ఇలాంటి చోటే.

మన జిల్లాల్లో కంటి శిబిరాల వల్ల పరిచయమైన సంస్థే ఇది. 1917లో చికాగోలో మెల్విన్ జోన్స్ మొదలుపెట్టారు. 1925లో ఒహాయోలోని సీడార్ పాయింట్ సభలో అంధులకు అండగా నిలవమని హెలెన్ కెల్లర్ అడిగారు. అప్పటినుంచి చూపు కాపాడటం వీళ్ళ ప్రధాన సేవ. ఆడవాళ్ళకు సభ్యత్వం వచ్చింది మాత్రం 1987లోనే.

చేరేది ఆహ్వానం మీద. సెక్రటరీకి ఈమెయిలు పెట్టి ఒకటి రెండు మీటింగులకు అతిథిగా వెళ్ళండి. నచ్చితే సభ్యులొకరు మిమ్మల్ని ప్రతిపాదిస్తారు, బోర్డు ఆమోదిస్తుంది. చందాలో అంతర్జాతీయ సంస్థ, లయన్స్ జిల్లా (కొన్ని క్లబ్బులు కలిసిన ప్రాంతీయ విభాగం), మీ క్లబ్బు వాటాలు కలిసి ఉంటాయి. భోజనం ఖర్చు అందులో ఉందో లేదో ముందే అడగండి. శాకాహారులైతే ఆ మాట కూడా ముందే చెప్పండి. చాలా క్లబ్బుల్లో సభ్యులు పెద్దవయసువాళ్ళు. బల్లలు మోసి, పెట్టెలు ఎత్తే చేతులు దొరికితే వాళ్ళకు ఎంతో సంతోషం.

హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ళ కుటుంబం), ఎఫ్-1 (చదువు) వీసాల వాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మామూలుగా ఎవరికీ జీతమివ్వని పనినే స్వచ్ఛందంగా చేయాలి. డబ్బు గానీ గిఫ్టు కార్డు గానీ పుచ్చుకోకూడదు. జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసిపెట్టినా చిక్కే. అనుమానముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగాకే ఒప్పుకోండి.

మీ సమయం దేనికైనా ఇవ్వాలంటే పిల్లల కంటి పరీక్షలకు ఇవ్వండి. బడుల్లో, డేకేర్లలో చేతిలో పట్టుకునే స్క్రీనింగ్ కెమెరాతో చేస్తారు. పిల్లను మూడడుగుల దూరంలో కూర్చోబెట్టి కెమెరాను కొంచెం ముందుకీ వెనక్కీ జరుపుతారు. దూరం కుదిరితే కొన్ని సెకన్లలో ఫలితం వచ్చేస్తుంది. కుదరకపోవడానికి తరచు కారణం వెలుతురే. కిటికీలోంచి ఎండ పడితే కంటిపాప ముడుచుకుపోయి రీడింగు రాదు. కర్టెన్ వేసి, లైట్లు తగ్గించి, నుదుటి మీది జుట్టు పక్కకు తీసి మళ్ళీ చూడండి. తల్లిదండ్రుల అనుమతి పత్రం లేని పిల్లను మాత్రం వరసలో నిలబెట్టొద్దు, తోటిపిల్లలందరూ చేయించుకున్నా సరే.

కెమెరా "రిఫర్" అంటే కంటి డాక్టరుకు చూపించమని అర్థం, అంతే. జబ్బు పేరు మీరు చెప్పకూడదు. మనవాళ్ళు "ఇంత చిన్నపిల్లకి అద్దాలేమిటి" అని వాయిదా వేస్తుంటారు. అక్కడ మీ తెలుగు పనికొస్తుంది. లేజీ ఐ (ఒక కంటిచూపు మందగించడం) ఉంటే మెదడు ఆ కంటిచూపును పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు చికిత్స బాగా పనిచేస్తుంది, ఆలస్యమైన కొద్దీ కష్టమవుతుంది. ఈ రెండు మాటలూ అర్థమయ్యేలా చెప్పి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారో లేదో తర్వాత కనుక్కోండి.

పాత కళ్ళజోళ్ళ సేకరణ సులువైన పని. లైబ్రరీలో పెట్టె పెట్టి వారం వారం ఖాళీ చేయండి. నిండిపోతే కిందివి గీతలు పడి, విరిగి, పారేయడానికే మిగులుతాయి. రీసైక్లింగ్ కేంద్రంలో కడిగి, పవరు కొలిచి, అవసరమైన దేశాలకు పంపుతారు.

పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్టుల్లాంటి విరాళాల కార్యక్రమాలకు సాధారణంగా కౌంటీ తాత్కాలిక ఆహార పర్మిట్టు కావాలి. ఇడ్లీ, ఉప్మా పెడదామన్న ఉత్సాహం మంచిదే, కానీ ఇంట్లో వండి తెచ్చినదాన్ని చాలా కౌంటీలు ఒప్పుకోవు. పర్మిట్టున్న వంటగదిలోనే వండాలి. వేడి పదార్థాలు 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు. హాలువాళ్ళు బీమా సర్టిఫికెట్టు అడుగుతారు, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగకండి.

లెక్కల విషయంలో కచ్చితంగా ఉండండి. జనం దగ్గర వసూలైన డబ్బు మొత్తం సేవకే పోవాలి. క్లబ్బు నడిపే ఖర్చులు సభ్యుల చందాల్లోంచే రావాలి. అందుకే రెండు ఖాతాలు ఉంచుతారు. ఇంకోటి, క్లబ్బులు ఎక్కువగా అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(4) సెక్షన్ కింద ఉంటాయి. వాటికిచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు, కంపెనీ మ్యాచింగూ (మీరిచ్చినంత మీ కంపెనీ కూడా ఇవ్వడం) చాలాసార్లు రాదు. క్లబ్బుకు అనుబంధంగా 501(సి)(3) ఫౌండేషన్ (విరాళానికి పన్ను మినహాయింపు వచ్చే రకం) ఉంటే చెక్కు దాని పేరిట రాయండి.

12 ఏళ్ళు దాటిన పిల్లలకు లియో క్లబ్బులున్నాయి, అంటే లయన్స్ వాళ్ళ యువ క్లబ్బులు. బడికి సేవా గంటలు చూపించాలంటే పని ముగిసిన రోజే ఫారం మీద సంతకం పెట్టించుకోండి. నెల తర్వాత అడిగితే ఎవరు ఎంతసేపు చేశారో సెక్రటరీకి గుర్తుండదు.