హెడ్మాస్టర్ టీచర్లకు కోచ్‌లా ఉండటం అంటే ఏమిటి? తనిఖీకీ దానికీ తేడా ఏమిటి?

క్లాసు చూసి బయటికొచ్చాక హెడ్మాస్టర్ అనే మొదటి మాటలోనే తేడా తెలిసిపోతుంది. తనిఖీలో అయితే 'లెసన్ ప్లాన్ ఏది? వెనక బెంచీ పిల్లలు వినడం లేదు, చూసుకోండి' అంటారు. కోచింగ్‌లో 'మేడమ్, ఈరోజు భిన్నాల పాఠంలో పిల్లలకు ఏది రావాలనుకున్నారు? ఎంతమందికి వచ్చిందో ఎలా తెలిసింది?' అని అడిగి, జవాబు కోసం ఆగుతారు. ఆ ఆగడమే కష్టం, సలహా నాలుక చివరే ఉంటుంది కదా.

మాటలు దారి తప్పకుండా ఉండాలంటే బ్రిటన్‌కు చెందిన కోచ్ జాన్ విట్‌మోర్ 1992లో ప్రచారంలోకి తెచ్చిన గ్రో (GROW) అనే నాలుగు మెట్ల పద్ధతి ఉంది: లక్ష్యం, ఇప్పటి పరిస్థితి, ఉన్న మార్గాలు, ఏది ఎప్పుడు చేస్తారు. చివరిది టీచరే తేల్చుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పు చాలు. వారం తర్వాత మళ్లీ అదే క్లాసుకు వెళ్లడం మాత్రం తప్పనిసరి. శిక్షణలో విన్నది తరగతి గదిలోకి రావాలంటే ఆ తర్వాత ఇలాంటి తోడు కావాలని అమెరికాలో విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే చెప్పారు.

పిల్లల్ని కొట్టడం, బడికి రాకపోవడం లాంటి విషయాల్లో మాత్రం ప్రశ్నలు అడుగుతూ కూర్చోకూడదు, నేరుగా చెప్పాలి. ఇంకొకటి: కోచింగ్‌లో టీచర్ మనసు విప్పి చెప్పుకున్నది పై అధికారుల రిపోర్టులోకి ఎక్కితే, ఆయన మళ్లీ మీ దగ్గర నోరు విప్పరు.