లాన్‌లని కలిపే బ్యాక్‌బోన్ ఎలా పనిచేస్తుంది?

కాలేజీలో బ్లాక్‌కో లాన్ (ఆ బ్లాక్‌లోని కంప్యూటర్లని కలిపే చిన్న నెట్‌వర్క్) ఉంటే అవన్నీ ఎలా కలుస్తాయని అడిగారు కదా. బ్లాక్ లోపల సిస్టమ్స్ మామూలు రాగి కేబుల్‌తో అక్కడి స్విచ్‌కి (కేబుల్స్ అన్నీ వచ్చి చేరే, డేటాని సరైన సిస్టమ్‌కి పంపే పెట్టెకి) కలుస్తాయి, కానీ ఆ కేబుల్ 100 మీటర్ల వరకే, అందుకే ప్రతి బ్లాక్ నుంచి ఫైబర్ (కాంతితో డేటాని ఇంకా ఎక్కువ దూరం పంపే కేబుల్) లాగి సర్వర్ రూమ్‌లో ఉన్న కోర్ స్విచ్‌కి, అంటే మెయిన్ స్విచ్‌కి తెస్తారు, ఆ ఫైబర్లూ కోర్ స్విచ్చూ కలిపి బ్యాక్‌బోన్ అన్నమాట. ల్యాబ్ సిస్టమ్స్ ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే అడ్రస్ నంబర్లు) 192.168.10 సిరీస్, లైబ్రరీవి 192.168.20 అనుకోండి, ల్యాబ్ నుంచి లైబ్రరీ సర్వర్‌కి పోయే ప్యాకెట్‌ని (డేటా ముక్కని) కోర్ స్విచ్ ఐపీ చూసి అటు పంపిస్తుంది, పక్క సిస్టమ్‌కి పంపేదైతే కోర్ దాకా రానే రాదు.

నన్నడిగితే స్పీడ్ కంటే, ఒకటి తెగినా ఇంకోటి ఉండేలా రెండో దారి ముఖ్యం. రెండు కోర్ స్విచ్‌లు పెట్టి, వాటికి పోయే ఫైబర్లు వేర్వేరు రూట్లలో వేయించండి, రెండూ ఒకే గుంతలో వేస్తే జేసీబీ తగిలినప్పుడు రెండూ తెగుతాయి.