గ్రూపులో ప్రశ్న అడగడానికి జంకుతున్న మా అమ్మాయికి

అమ్మడూ,

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఆన్‌లైన్ గ్రూపులో చేరావని, చేరిన దగ్గర్నుంచీ ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదని మీ అమ్మ చెప్పింది. "అక్కడంతా బీటెక్ వాళ్లు, నాది బీకామ్, ఏమైనా అడిగితే నవ్వుతారేమో" అన్నావట. ఫోన్లో చెబితే మర్చిపోతావు, రాసి ఉంటే మళ్లీ చూసుకుంటావని ఈ ఉత్తరం.

పాఠాలు వినడానికే అయితే నీకు గ్రూపు అక్కర్లేదు. హార్వర్డ్ వాళ్ల సీఎస్50, ఫ్రీకోడ్‌క్యాంప్ లాంటివి పైసా కట్టకుండా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. నేను అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో క్లాసులో విన్నది సగమే బుర్రకెక్కేది. మిగతా సగం రాత్రి హాస్టల్ గదిలో, పక్క మంచం అమ్మాయి "ఇది ఎందుకిలా వచ్చింది?" అని అడిగినప్పుడు ఎక్కేది. నీ గ్రూపు కూడా అందుకే ఉంది. నువ్వెక్కడ ఆగిపోయావో వాళ్లకు తెలియాలి, వాళ్లెక్కడ ఆగిపోయారో నువ్వు చూడాలి.

అడగడానికీ ఒక పద్ధతుంది. "నా ప్రోగ్రామ్ పని చేయట్లేదు, ప్లీజ్ హెల్ప్" అని రాసి, కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెడితే జవాబు రాదు. వాళ్లకు సాయం చేయాలనే ఉంటుంది, కానీ ఫొటోలో ఉన్న కోడును నడిపి చూడలేరు కదా. ఇలా రాసి చూడు: "రెండు సంఖ్యలు తీసుకుని కూడే ప్రోగ్రామ్ రాశాను. 12, 8 ఇస్తే 20 రావాలి. 128 వస్తోంది. కూడిక గుర్తు సరిగ్గానే ఉంది, వేరే సంఖ్యలు ఇచ్చినా ఇదే తంతు. కోడు కింద ఉంది." ఏం రావాలి, ఏం వచ్చింది, నువ్వేం ప్రయత్నించావు, అన్నీ అందులో ఉన్నాయి. చూసినవాళ్లు వెంటనే చెబుతారు: పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్ నువ్వు టైప్ చేసినదాన్ని అక్షరాలుగానే తీసుకుంటుంది, అందుకే 12 పక్కన 8 అతికించి 128 చూపించింది, ముందు ఇంట్ ఫంక్షన్‌తో దాన్ని సంఖ్యగా మార్చుకో అని. ప్రశ్నను ఇంత వివరంగా రాస్తుంటే చాలాసార్లు సమాధానం నీకే తట్టేస్తుంది. అప్పుడు కూడా ఊరుకోకు. ఏం తప్పో, ఎలా సరిచేశావో గ్రూపులో పెట్టు. రేపు అదే చోట ఆగిపోయే ఇంకో అమ్మాయికి అది దొరుకుతుంది.

ఎర్రర్ రాగానే టెన్షన్ పడి తెర మూసేయకు. పైథాన్‌లో అన్నిటికంటే కింది వరుస ముందు చదవాలి. ఏ రకం తప్పో అక్కడుంటుంది, ఏ లైన్లో వచ్చిందో దాని పైన ఉంటుంది. అడిగేటప్పుడు ఆ మెసేజ్ మొత్తం కాపీ చేసి పెట్టు, నీకు అనవసరం అనిపించిన ముక్కతో సహా.

ఇక నవ్వుతారన్న భయం సంగతి. న్యూయార్క్‌లో రికర్స్ సెంటర్ అని ప్రోగ్రామర్లు కలిసి కూర్చుని నేర్చుకునే చోటు ఒకటి 2011 నుంచీ నడుస్తోంది. వాళ్లు పెట్టుకున్న కొద్దిపాటి నియమాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: ఎదుటివాళ్లకు ఏదైనా తెలియదంటే ఆశ్చర్యం నటించకూడదు. "అదేంటి, ఇది కూడా తెలియదా?" అన్న ఒక్క మాట చాలు, ఆ మనిషి మళ్లీ నోరు విప్పదు. మీ గ్రూపు నడిపేవాళ్లకు ఈ సంగతి చెప్పు. ఎవరైనా అలా మాట్లాడితే ఆపడం వాళ్ల బాధ్యత. రెండుసార్లు చెప్పినా ఆపకపోతే మొహమాటం లేకుండా ఇంకో గ్రూపు చూసుకో.

నువ్వు జవాబు చెప్పే రోజు కూడా వస్తుంది, నువ్వనుకునే దానికన్నా ముందే. అప్పుడు కోడు మొత్తం రాసి చేతిలో పెట్టేయకు. "ఆ లైన్ దగ్గర విలువ ప్రింట్ చేసి చూడండి, ఏమొచ్చిందో చెప్పండి" అను. చాట్‌జీపీటీని అడిగి దాని జవాబు యథాతథంగా అతికించడం కూడా నాకు నచ్చదు. వాడితే వాడు, కానీ నువ్వు నడిపి చూసి, నీ మాటల్లో చెప్పగలిగిందే పెట్టు.

పెద్ద గ్రూపులో నలుగురైదుగురు కలిసి చిన్న జట్టు కట్టండి. వారానికి ఒక రోజు, ఒక టైమ్ పెట్టుకోండి. ఒకే లెక్క అందరూ విడివిడిగా రాసి, తర్వాత ఒకరి కోడు ఒకరు చదవండి. తెలుగులోనే మాట్లాడుకోండి, ఇంగ్లీషు తడుముకుంటూ అసలు సందేహం మింగేయొద్దు. మొదటివారానికి నేనొకటి ఇస్తాను. "అమ్మ" అనే మాట పొడవెంతో లెన్ ఫంక్షన్‌తో అడగండి. నడిపే ముందు తలా ఒక అంకె చెప్పాలి. అందరూ రెండంటారు. పైథాన్ నాలుగంటుంది, ఎందుకంటే కంప్యూటర్‌లో అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో అ, మ, పొల్లు, మళ్లీ మ, నాలుగూ విడివిడిగా ఉంటాయి. "తెలుగు" అంటే ఆరొస్తుంది, ఎత్వానికీ రెండు కొమ్ములకూ కూడా లెక్కుంది మరి. తర్వాత ఆ మాటను తిరగేసి ప్రింట్ చేయండి. కొమ్ము ముందుకొచ్చి, ఆనుకోవడానికి అక్షరం లేక ఒంటరిగా నిలబడుతుంది. దాన్ని సరిగ్గా తిరగేయడం ఎలాగో మీ జట్టంతా బుర్ర పెట్టాల్సిన పని. ఒక పూట చాలదు, మంచిదే.

జాగ్రత్త కూడా చెప్పాలి. విడిగా మెసేజ్ చేసి "నీకొక్కదానికే నేర్పిస్తా" అనేవాళ్లకూ, డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం అనేవాళ్లకూ జవాబివ్వకు, గ్రూపు నడిపేవాళ్లకు చెప్పు. కోడు దాచుకుని నలుగురితో పంచుకునే గిట్‌హబ్ సైటులో కోడు పెట్టేటప్పుడు అందులో పాస్‌వర్డ్‌లు ఉండకూడదు. తర్వాత చెరిపేసినా పాత కాపీలో మిగిలిపోతాయి.

మొదటి ప్రశ్న ఈ ఆదివారంలోగా పెట్టు. పెట్టే ముందు కావాలంటే నాకు వాట్సాప్ చెయ్, ప్రశ్న అర్థమయ్యేలా ఉందో లేదో చదివి చెబుతాను. కోడు మాత్రం నేను సరిచెయ్యను, అది మీ జట్టు పని.

ప్రేమతో,
పెద్దమ్మ