జయపురం అమ్మాయికి కంట్రోల్ టవర్ ఉద్యోగం: ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా పాప ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతోంది. మొదట పైలట్ అవుతానంది, ఖర్చు చూశాక ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ (నేల మీంచి రేడియోలో విమానాలకి దారి చెప్పే ఉద్యోగం) పరీక్ష రాస్తానంటోంది. ఈమధ్య విదేశీ పైలట్ల అనుభవాలు కొన్ని చదివింది. వెనకబడిన దేశాల ఎయిర్‌పోర్టుల్లో కంట్రోలర్ మాట అర్థం కాదనీ, పిలిస్తే పలకరనీ, రన్‌వే లైట్లు వెలగవనీ రాశారట. ‘నా ఇంగ్లీషు విని నన్నూ అలాగే అంటారేమో’ అని బెంగ పెట్టుకుంది. రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పాప చదివింది అబద్ధం కాదు. ఆఫ్రికా మీద కొన్ని చోట్ల పైలట్లు తామెక్కడున్నదీ, ఎంత ఎత్తులో ఉన్నదీ, ఎటు పోతున్నదీ రేడియోలో 126.9 మెగాహెర్ట్జ్ మీద తమంతట తామే చెప్పుకుంటూ వెళ్తారు. కింద కంట్రోలర్‌కి వినబడుతుందన్న భరోసా లేదు కాబట్టి చుట్టుపక్కల విమానాలకైనా వినబడాలని. ఎయిర్‌లైన్ల సంఘం అయాటా ఈ పద్ధతికి నియమాలే రాసిపెట్టింది.

మన కథా ఒకప్పుడు అంతంతమాత్రమే. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ జంబో, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. అప్పట్లో ఢిల్లీకి వచ్చేవీ పోయేవీ ఒకే దారిలో తిరిగేవి. రాడార్ తెర మీద చుక్క కనబడేది గానీ, అది ఎంత ఎత్తులో ఉందో చూపే సెకండరీ రాడార్ ఇంకా పనిలోకి రాలేదు. కంట్రోలర్ కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నాడు, ఎదురుగా 14,000లో ఇంకొకటి వస్తోందనీ చెప్పాడు. కజక్ విమానంలో రేడియో మీద మాట్లాడేది ఒకరు, విమానం నడిపేది మరొకరు. అది 15,000 దాటి కిందికి దిగిపోయింది. రాకకో దారి, పోకకో దారి ఏర్పడ్డాయంటే, ఢీకొనే ముప్పును హెచ్చరించే పరికరం విమానాల్లో తప్పనిసరి అయిందంటే, ఆ ఘోరం తర్వాతే.

పైలట్ల ఫిర్యాదుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి సదుపాయాల గురించి. మీ ఊరి ఎయిర్‌పోర్టే చూడండి. 2022లో చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద భువనేశ్వర్, విశాఖలకు తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైంది. పైలట్ కళ్లతో రన్‌వేని చూసుకుని దిగాల్సిన చోటది. కొండల మీద మబ్బు కమ్మితే విమానం రద్దు. రేడియోలో కూర్చున్న మనిషి ఎంత చక్కగా మాట్లాడినా లేని పరికరాన్ని తేలేడు. ఆ విమర్శని పాప మీదేసుకోనక్కర్లేదు.

రెండోది మాట గురించి. ఇదీ బీద దేశాల జబ్బే అనుకుంటే పొరపాటు. 1990 జనవరిలో కొలంబియా విమానం న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఆ సిబ్బంది ‘ప్రయారిటీ’ కావాలన్నారే తప్ప ‘ఎమర్జెన్సీ’ అనలేదు. కంట్రోలర్లూ తరచి అడగలేదు. 2018 మార్చిలో కాఠ్‌మాండూలో జరిగింది చూడండి. అక్కడ ఒకే రన్‌వేకి ఒక కొస పేరు 02, రెండో కొస 20. చివరి నిమిషాల్లో విమానం ఏ కొసకి వస్తోందో టవర్‌కీ తెలియలేదు, పైలట్‌కీ తెలియలేదు. 51 మంది చనిపోయారు. దర్యాప్తు ప్రధానంగా కెప్టెన్ మానసిక స్థితినే తప్పుపట్టింది, అది వేరే సంగతి. కంట్రోలర్ పనల్లా ఇలాంటి అంకెలతోనే. అందుకే రేడియోలో 3ని ‘ట్రీ’ అనీ, 5ని ‘ఫైఫ్’ అనీ, 9ని ‘నైనర్’ అనీ పలకమని నియమం. చెప్పింది పైలట్ తిరిగి అప్పజెప్పాలి, దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. అది సరిగా ఉందో లేదో చెవి పెట్టి వినడం కంట్రోలర్ పని. వినడంలో ఏమరుపాటే నా దృష్టిలో యాస కన్నా పెద్ద ప్రమాదం.

ఇక ఇంగ్లీషు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆరు మెట్లు పెట్టింది, ఉద్యోగానికి నాలుగో మెట్టు చాలు. మాతృభాష ఛాయ ఉండొచ్చు, అర్థమవడానికి తరచూ అడ్డురాకూడదు, అంతే. ఆరో మెట్టు వారికీ యాస ఉండొచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అమెరికా యాస నేర్పుతామనే కోచింగ్‌కి డబ్బు పొయ్యకండి. మనవాళ్లతో చిక్కు వేగం. మాట మీద మాట తోసుకొస్తుంది, ఆఖరి అక్షరం మింగేస్తారు. రోజూ అంకెలున్న ఒక పేజీ పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. అది విని మీరు అంకెలు రాసుకోండి. ఎక్కడ తప్పు రాశారో అక్కడ పాప మాట నలిగినట్టు.

పైలట్ శిక్షణ అరకోటి పైమాటే, ఉద్యోగం గ్యారంటీ లేదు. పొలం తాకట్టు పెట్టే ఆలోచనుంటే మానుకోండి. కంట్రోలర్ పరీక్షకి పాప చదువు సరిగ్గా సరిపోతుంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పోస్టులకి ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ చాలు. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వారికి సడలింపు ఉంటుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో 120 ప్రశ్నలు, రెండు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. సగం ఫిజిక్స్, మ్యాథ్స్. ఆ తర్వాత వాయిస్ టెస్ట్, మానసిక పరీక్ష, మెడికల్. ఎంపికైతే ప్రయాగ్‌రాజ్, హైదరాబాద్, గోందియా లాంటి చోట్ల శిక్షణ.

పుస్తకాలు కొనేముందే కొరాపుట్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో కళ్లు చూపించండి. అద్దాలున్నా ఫరవాలేదు గానీ, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మెడికల్‌లో దెబ్బతింటుంది.

రాత్రి డ్యూటీ తప్పదు, విమానాలు ఆగవు కదా. ఒంటరిగా మాత్రం కాదు, షిఫ్టులో బృందం ఉంటుంది, పైన సూపర్‌వైజర్ ఉంటారు. ఆడవాళ్లు ఈ ఉద్యోగంలో చాలాకాలంగా చేస్తున్నారు. మీరు ఆలోచించాల్సింది దూరం గురించి. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడొచ్చు. పక్కనే విశాఖ ఉంది కదా అనుకోకండి, అక్కడి పాత ఎయిర్‌పోర్టు టవర్ నేవీ వారిది, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది కాదు.

ఇంకొకటి, మీ సరిహద్దు వాళ్లకే వచ్చే తంటా. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. పార్వతీపురంలోని మీ చుట్టాలకి ఉన్న సర్టిఫికెట్ చూసుకుని మనకీ వస్తుందని ధీమాగా ఉండకండి. ఒడిశా జాబితాలో మీ కులం ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. నోటిఫికేషన్ పడ్డాక తిరిగితే గడువు మీ కోసం ఆగదు.