ఎవర్ని తీసేసి?

హన్మకొండ

బిడ్డా,

నీ వ్యాసం అందింది. మొదట ఫోన్లో చదివాను. కళ్లు లాగుతుంటే నక్కలగుట్టలో జిరాక్స్ షాపుకు పోయి ప్రింటు తీయించుకుని మళ్లీ చదివాను. ఆరు పేజీలు, పేజీకి రెండు రూపాయలు. పన్నెండు రూపాయలు పెట్టినవాడిని కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమనుకోకు.

కాజీపేటలో ఉండి కెనడా జూనియర్ ఐస్ హాకీ జట్టు మీద రాయడం ఏంటని మీ ఫ్రెండ్స్ నవ్వారట. నవ్వనీ. మన దగ్గర ఐస్ అంటే ఎండాకాలం గోలా బండే, నిజమే. కానీ మీ అక్క కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంది, నీకు పిచ్చి పట్టింది, రాయడానికి అంతకంటే ఏం కావాలి? ఒట్టావాలో రాత్రి ఏడున్నర మ్యాచ్ అంటే మనకు పొద్దున ఆరు. దుప్పట్లో దూరి సౌండు తగ్గించుకుని చూస్తున్నానని, చెక్ జట్టు నాలుగో గోల్ కొట్టగానే నువ్వు పెట్టిన కేకకు చేతిలో గరిటెతోనే అమ్మ ఉరికొచ్చిందని రాశావే, ఆ నాలుగు వాక్యాలను మాత్రం ముట్టుకోకు. నాకు మిగతా వాటితోనే పేచీ.

చిన్న విషయం ముందు చెప్పేస్తాను. పక్‌ను 'రబ్బరు చక్రిక' అన్నావు. ఎవరంటారమ్మా అట్లా? పక్‌ను పక్ అనే రాయి. తెలియనివాళ్ల కోసం మొదటిసారి మాత్రం మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ల అని చెప్పు, చాలు.

ఇక అసలు సంగతి. 'కెనడా సెలక్టర్ల ఘోర తప్పిదం' అని శీర్షిక పెట్టావు. కారణంగా చూపించింది ఓటమిని. ఇరవై ఏళ్లలోపు వాళ్ల ప్రపంచ పోటీల్లో, 2024లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, 2025లో ఒట్టావాలో, రెండుసార్లూ క్వార్టర్ ఫైనల్లోనే, రెండుసార్లూ చెక్ చేతిలోనే ఇంటికి పోయారు. అప్పటికి ఇరవై సార్లు బంగారం గెలిచిన దేశం సొంత గడ్డ మీద ఐదు మ్యాచుల్లో కొట్టినవి 13 గోల్స్. కడుపు మండుతుంది, కాదనను. కానీ ఆ రెండు మ్యాచులూ ఎట్లా పోయాయో నువ్వే రాశావు: మొదటిది 3-2, ఆట ముగియడానికి పన్నెండు సెకన్లు ఉండగా. రెండోది 4-3, నిమిషం కూడా మిగలకుండా. ఆ రెండు గోల్స్ పడకుండా మ్యాచులు ఓవర్‌టైమ్‌కు పోయి కెనడా గెలిచి ఉంటే, అదే జట్టు గురించి ఏం రాసేదానివి? పెళ్లి పెటాకులయ్యాక సంబంధం తెచ్చిన పేరయ్యను తిట్టడానికి తెలివి అక్కర్లేదు.

జట్టు లిస్టు వచ్చేది డిసెంబర్ మధ్యలో. పోటీ మొదలయ్యేది డిసెంబర్ 26న. ఆ రెండు తేదీల మధ్య రాసి ఉంటే నీ వ్యాసానికి వంద మార్కులు. నువ్వు రాసింది ఎండాకాలం సెలవుల్లో. దాని వల్ల ఇంకో పొరపాటు కూడా దొర్లింది చూడు. మైకేల్ మిసా తన జూనియర్ లీగులో 134 పాయింట్లు సాధించాడు (గోల్ కొట్టినా, కొట్టేవాడికి పక్ అందించినా ఒక పాయింటు), అట్లాంటివాణ్ని వదిలేస్తారా అన్నావు. అది మార్చిలో సీజన్ అయిపోయాక తేలిన లెక్క. పెద్దల లీగు క్లబ్బులు కుర్రాళ్లను ఎంచుకునే జూన్ డ్రాఫ్ట్‌లో రెండోవాడిగా పోయాడన్నావు. డిసెంబర్‌లో బల్ల ముందు కూర్చున్నవాళ్లకు ఈ రెండూ ఎట్లా తెలుస్తాయి? జేన్ పరేఖ్ సంగతి వేరు. డిఫెన్స్ ఆడుతూ 96 పాయింట్లు, అందులో 33 గోల్స్, అది అంతకుముందు సీజన్‌లో చేసింది. అందరికీ తెలిసిన లెక్క. దాని మీద నిలబడి గట్టిగా అడగొచ్చు. (పరేఖ్ అనే పేరు మనవాళ్ల పేరులా ఉండబట్టి నీకు ప్రేమ ఇంకాస్త ఎక్కువైందని నా అనుమానం. తప్పేం లేదు, కానీ తెలిసి ఉండాలి.)

మిసా, సెనెక్, పరేఖ్, యాకెమ్చుక్. నలుగురూ ఉండాల్సింది అంటావు. సరే, ఉండనీ. ఒట్టావా జట్టులో 25 మంది: 14 మంది ఫార్వర్డ్‌లు, 8 మంది డిఫెన్స్, ముగ్గురు గోలీలు, అంటే గోల్‌కీపర్లు. నీ నలుగురిని కలిపితే 29. ఇద్దరు ఫార్వర్డ్‌లనూ ఇద్దరు డిఫెన్స్ వాళ్లనూ ఇంటికి పంపాలి. ఎవర్ని? ఆరు పేజీలు రెండుసార్లు తిరగేశాను. ఆ నాలుగు పేర్లు ఎక్కడా లేవు.

అవి రాసే ధైర్యం లేకపోతే సెలక్షన్ మీద కలం పెట్టొద్దు. 'ఫలానావాణ్ని తీసుకోవాల్సింది' అని చాయ్ బండి దగ్గర ఎవరైనా అంటారు. 'ఫలానావాణ్ని తీసేసి ఇతణ్ని పెట్టాల్సింది, ఎందుకంటే' అని రాయాలంటే ఆ తీసేసేవాడి ఆట కూడా చూడాలి. వాడు ఏ పనికోసం జట్టులో ఉన్నాడో తెలియాలి. మ్యాచులో ఒంటి మీద జెర్సీ పడేది 20 మంది స్కేటర్లకు, ఇద్దరు గోలీలకు. మంచు మీద ఒక్కొక్కడు నలభై, నలభై ఐదు సెకన్లు ఉండి దిగిపోతాడు. పెనాల్టీ పడి ఒక మనిషి తక్కువతో ఆడాల్సిన రెండు నిమిషాలు పక్‌కు అడ్డంగా ఒళ్లు పెట్టేవాడు ఒకడు కావాలి. వాడి పేరు పక్కన పాయింట్లు ఉండవు. ఏడుగురు రైడర్లతో కబడ్డీ జట్టు కట్టు మరి, పట్టు పట్టేదెవరు?

ఎనిమిదో డిఫెన్స్‌వాడు దండగ అని కూడా ఓ వాక్యం పడేశావు. లాత్వియా మ్యాచులో డిఫెన్స్ ఆడే పదిహేడేళ్ల షేఫర్‌కు కాలర్ బోన్ విరిగింది కదా, అది నీ వ్యాసంలోనే రెండు పేజీల తర్వాత ఉంది! ఇంకొకటి, సెలెబ్రీనీకి వయసుంది, ఆటుంది, కానీ అప్పటికే అమెరికాలోని శాన్ హోసే క్లబ్బు తరఫున పెద్దల లీగులో ఆడుతున్నాడు. క్లబ్బు వదిలితేనే కదా వచ్చేది. సెలక్టర్ ముందుకు వచ్చే కాగితం మీద అప్పటికే కొన్ని పేర్లు ఉండవు. ఎందుకు లేవో రాయి.

ఇంత కోపం నీ మీద ఎందుకంటే, ఇదే తప్పు నేను నీకంటే పెద్దగా చేశాను.

పాతికేళ్ల కింది మాట. ఓ పత్రికకు స్ట్రింగర్‌గా ఉండేవాణ్ని. లైన్ అకౌంట్, అంటే ఎన్ని లైన్లు పడితే అన్ని పైసలు. ఇక్కడే జేఎన్ఎస్‌లో, అదే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో, జూనియర్ కబడ్డీ సెలక్షన్స్. మ్యాట్లు ఎక్కడివి అప్పుడు? మట్టి కోర్టు, సున్నం గీతలు, మధ్యాహ్నానికల్లా గీతలన్నీ చెరిగిపోయి మళ్లీ డబ్బాతో పోసేవాళ్లు. పరకాల వైపు నుంచి వచ్చిన ఓ రైడర్ను అంతకుముందు టోర్నమెంట్లలో చూసి ఉన్నాను. వాడు కూతకు పోతే ఇద్దరిని ముట్టకుండా తిరిగొచ్చేవాడు కాదు. సాయంత్రం పన్నెండు మంది లిస్టు చదివారు. వాడి పేరు లేదు. నేను అక్కడే నిలబడి పేపరు మీద శీర్షిక రాసుకున్నాను: 'ప్రతిభకు పాతర'. లోపల 'పైరవీతో దూరిన అనామకులు' అని కూడా పెట్టాను. నలభై లైన్లు. మర్నాడు అన్నీ పడ్డాయి.

మూడో రోజు బస్టాండ్ దగ్గర నేను చాయ్ తాగే చోటికి ఓ మనిషి వచ్చాడు. మెడలో ఎర్ర తువ్వాల, భుజం మీద బస్తాలు మోసి మోసి గట్టిపడ్డ చర్మం. ఎనుమాముల మార్కెట్లో హమాలీ. అంగీ జేబులోంచి నా వార్త మడత విప్పి టేబుల్ మీద పెట్టాడు.

"సార్, ఈ అనామకులు అంటే మా పిలగాడు సుత ఉన్నట్టేనా?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు.

"మాకు పైరవీ చేసేటోళ్లు ఎవరున్నరు సార్? ఉంటే నేను మూటలెందుకు మోస్త?" అని, కాసేపాగి, "మీరు ఆ రోజు కాంటా కాడ ఉన్నరా?" అన్నాడు.

లేను. బరువులు తూచింది పొద్దున ఏడింటికి. నేను టిఫిన్ చేసి తొమ్మిదిన్నరకు పోయాను. కబడ్డీలో జూనియర్లకు బరువు పరిమితి ఉంటుంది.  నేను మెచ్చిన రైడర్ కిలోన్నర ఎక్కువ తూగాడు. స్వెట్టర్ వేయించి గంటన్నరసేపు గ్రౌండ్ చుట్టూ ఉరికించారట. మళ్లీ తూచితే ఇంకా ముప్పావు కిలో ఎక్కువ. అంతే, బయటికి. అక్కడున్న పీఈటీ సార్లలో ఎవరినడిగినా చెప్పేవాళ్లు. నేను అడగలేదు.

"మార్కెట్ల అరకిలో ఫరక్ వస్తే మమ్మల్ని ఒర్రుతరు సార్. కాంటా అంటే కాంటనే కద." ఆ కాగితాన్ని మళ్లీ అదే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తాగమంటే తాగలేదు.

ఆ పిలగాడు లెఫ్ట్ కార్నర్, ఎడమ మూలన నిలబడి రైడర్‌ను పట్టేవాడు. వాడి ఆట నేను చూడనేలేదు, అందరిలాగే రైడర్ల వెంటే కళ్లు తిప్పాను. వారం తర్వాత సిగ్గుపడుతూ వాళ్ల ప్రాక్టీసుకు పోయి మూలన కూర్చుని వాణ్నొక్కణ్నే చూశాను. రైడర్ మొహం వైపు చూడడు. చూపంతా నడుము కింద. మోకాళ్లు కొంచెం వంచి, అరచేతులు తొడలకు తుడుచుకుంటూ, రైడర్ అడుగుకు అడుగు వెనక్కి జరుగుతుంటాడు. బోనస్ గీత కోసం అవతలివాడు కాలు చాపి, వెనక కాలు గాల్లోకి లేపిన ఆ అరక్షణంలో మడమ మీద పడతాడు. రెండు చేతులూ గిలక దగ్గర బిగుస్తాయి, తల పక్కకు పోతుంది, మోకాలు దెబ్బ తగలకుండా. మిగతా ఆరుగురూ వచ్చి పడేదాకా వదలడు. అర గంటలో నాలుగుసార్లు పట్టాడు, ఒక్కసారి తన్ను తిన్నాడు. నోట్‌బుక్‌లో లెక్క రాసుకుని ఇంటికొచ్చాను.

డెస్కును బతిమాలితే రెండు లైన్ల సవరణ వేశారు, లోపలి పేజీ అడుగున, సంతాపాల పక్కన. ఆ హమాలీ దాన్ని చూసి ఉంటాడని నేననుకోను.

పైరవీలు లేవని నేనట్లేదు. ఇన్నేళ్లలో చాలా చూశాను. కానీ ఆ మాట రాయాలంటే ఎవరు ఎవరికి ఫోన్ చేశారో తెలిసి ఉండాలి. తెలియకపోతే, ఎందుకు తీసుకోలేదని అడిగాను, చెప్పలేదు అని రాయి. ఆ వాక్యం చాలామందికి నిద్ర పట్టనీయదు. నీ వ్యాసంలో 'అన్యాయం' పదకొండు సార్లు వచ్చింది, ఎర్ర పెన్నుతో గీశాను. ఒక్కటి ఉంచుకో, ఏది ఉంచాలో నువ్వే చూసుకో.

కోపాన్ని ఎట్లా వాడుకోవాలో చూడాలంటే మన నిజామాబాద్ అమ్మాయి ఉండనే ఉంది. 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు 51 కిలోల్లో మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే పంపేలా ఉన్నారని తెలిసి క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. నాకు చోటివ్వండి అనలేదు, ట్రయల్ పెట్టండి అంది. ఆ తేడా చూశావా? డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు, 9-1తో మేరీ కోమ్ గెలిచింది. ఆఖర్న చేతులు కూడా కలుపుకోలేదు.

ఆ రాత్రి నీకు వార్త రాసే పని పడితే ఏం రాస్తావు? ఓడింది కాబట్టి ట్రయల్ అడగడమే తప్పంటావా? 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు చాలామంది 'ఆనాటి అవమానానికి జవాబు' అన్నారు. వినడానికి బాగుంది, కానీ 2019 ట్రయల్‌లో గెలిచింది మేరీ కోమే, అది మారదు. ట్రయల్ అడగడం న్యాయం, ఓడిపోవడం నిజం. రెంటినీ ఒకే పేజీలో పెట్టడం కష్టంగా ఉంటుంది. నాకిప్పటికీ కష్టమే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఆ నలుగురి బదులు ఎవర్ని తీసేస్తావో పేర్లు రాయి. వాళ్ల మ్యాచులు మళ్లీ చూడు, పక్ వెంట పోకుండా వాళ్లొక్కళ్లనే చూడు. ఎన్నిసార్లు మంచు మీదికి దిగారు, ఎవరికి ఎదురుగా దింపారు, ఏం చేశారు, లెక్క రాసుకో. చూశాక వాళ్లలో ఫార్వర్డ్‌లిద్దరినీ తీయబుద్ధి కాకపోతే మిసానూ సెనెక్‌నూ వదులుకో. వ్యాసం మూడు పేజీలకు తగ్గుతుంది. తగ్గనీ, నాకు ఆరు రూపాయలు మిగులుతాయి.

ఇంకోటి. వచ్చే ఆదివారం జేఎన్ఎస్‌లో జూనియర్ అమ్మాయిల కబడ్డీ సెలక్షన్స్ ఉన్నాయి. పొద్దున ఆరున్నరకల్లా పో, కాంటా పెట్టకముందే. సెలక్షన్ బల్ల దగ్గర ఎడమ చేతి చూపుడువేలు కొంచెం వంకరగా ఉండే మనిషి కూర్చుని ఉంటాడు. పక్క మండలంలో పీఈటీ. ఆ వేలు మడమలు పట్టీ పట్టీ అట్లా అయింది. నేను పంపానని మాత్రం చెప్పకు, పన్నెండు మంది పేర్లు చదివాక పదమూడో పేరు ఎవరిదని అడుగు.

ఇట్లు,
మీ సార్