రాయగడ వైపు ఉండే తెలుగువాళ్లకి ఆటిజం థెరపీ, డబ్బు సాయం ఎలా దొరుకుతాయి?

చెల్లెమ్మా, మూడేళ్ల బాబుకి ఆటిజం అన్నారని, మీది రాయగడలో చిన్న కిరాణా కొట్టని, విశాఖలో థెరపీకి నెలనెలా డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తెలియడం లేదని రాశారు. ఒడిశాలో ఉండే తెలుగువాళ్లకి ఏమైనా వస్తుందా అని కూడా అడిగారు. వస్తుంది. మాది గుణుపురం. మా అబ్బాయి ఇప్పుడు హైస్కూలుకి వచ్చాడు, ఈ దారంతా నడిచినదాన్నే.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. కాగితాలు మీరు ఉంటున్న జిల్లాలో చేయించుకోండి, థెరపీ మాత్రం బాబుకి అర్థమయ్యే భాషలో ఎక్కడ దొరికితే అక్కడ చేయించండి. రెండూ ఒకే ఊళ్లో ఉండాలని లేదు. ఆంధ్రలో దివ్యాంగుల పెన్షన్ 6,000 అని, పార్వతీపురంలో బంధువుల అడ్రసు పెట్టి అక్కడ ప్రయత్నించమని సలహా ఇచ్చేవాళ్లు మీకూ తగులుతారు. వినకండి. ఆధార్‌లో ఒక ఊరు, దరఖాస్తులో ఒక ఊరు ఉంటే ఫైలు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఈలోపు బాబు పెరిగిపోతాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. అందుకని యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే జిల్లా ప్రధాన ఆస్పత్రి మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. బ్లాకుల్లో దివ్యాంగుల కోసం ఒడిశా ప్రభుత్వం భీమ భోయి శిబిరాలు పెట్టినప్పుడు కూడా ఈ పని చేస్తారు, పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో తేదీ అడుగుతూ ఉండండి. చాలా పథకాలకి వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. చిన్నపిల్లలకి ఇచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్, దాని గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి.

పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆటిజానికి రక్తపరీక్ష లేదు. 'ఐసా' అనే కొలమానం వాడతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదల లోపాలున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. పిల్లాణ్ని చూస్తారు, మనల్ని అడుగుతారు. మావాడిని తీసుకెళ్లిన చోట పరీక్ష చేసే అమ్మాయి ఒడియాలో 'నీ కన్ను చూపించు' అంది. వాడు బల్ల అంచు మీద వేలు రాసుకుంటూ కూర్చున్నాడు. ఆమె ఏదో రాసేసుకోబోతుంటే ఆపి, 'ఇంట్లో మాది తెలుగమ్మా' అన్నాను. నేను 'నాన్నా, కన్నేదీ' అనగానే తలెత్తకుండానే కంటి మీద వేలు పెట్టాడు. అర్థం కాకపోవడం వేరు, ఆ భాష రాకపోవడం వేరు. ఇంటి భాష తెలుగు అని రిపోర్టులో రాయించండి. బాబు ఇంట్లో ఎలా ఉంటాడో ఫోన్లో చిన్న చిన్న వీడియోలు తీసి పట్టుకెళ్లండి. దాచిపెట్టి బాగున్నాడని చెప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ ఆపొద్దు. జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం ఉంటుంది, 18 ఏళ్లలోపు పిల్లలకి ఉచితం. అక్కడ స్పీచ్ థెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కోండి. ప్రైవేటులో అయితే స్పీచ్ థెరపిస్టుకి గాని స్పెషల్ ఎడ్యుకేటర్‌కి గాని ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. విశాఖకి వారం వారం రైలెక్కక్కర్లేదు. తెలుగు తెలిసిన మంచి థెరపిస్టు దగ్గరికి అప్పుడప్పుడు వెళ్లి, ఇంట్లో ఏం చేయాలో నేర్చుకుని రండి. నీళ్ల గ్లాసు చేతికిచ్చే ముందు ఒక్క క్షణం ఆగి, వాడు మన మొహం చూసేదాకా వేచి ఉండటం మేం అలా నేర్చుకున్నదే. రోజంతా వాడితో ఉండేది మనమే కదా.

డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా తప్పకుండా చేయించండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా కవరేజీ, ముందు వైద్య పరీక్షలు అడగరు, బయట చేయించిన థెరపీకి కూడా వర్తిస్తుంది. కాకపోతే లక్షా థెరపీకే రాదు, దానికి లోపల వేరే పరిమితి ఉంటుంది. డబ్బు ముందు మనం కట్టి తర్వాత క్లెయిమ్ చేయాలి, కాబట్టి ప్రతి సిట్టింగుకీ రసీదు, డాక్టరు చీటీ దాచండి. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. మార్చి నెలలో కొట్టు లెక్కల హడావుడిలో ఇది జారిపోనివ్వకండి. పెన్షన్‌కి ఒడిశాలో మధుబాబు పెన్షన్ యోజన ఉంది, జిల్లా సామాజిక భద్రతా అధికారి ఆఫీసులో అడగండి. బడి వయసు వచ్చాక 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు చట్టం ఇచ్చిన హక్కు. సీటు లేదంటే కారణం రాసిమ్మని అడగండి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో ఆటిజం తగ్గిస్తామని లక్షలు అడిగేవాళ్లున్నారు. ఆటిజానికి ఆ చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ సిఫారసు చేయలేదు. కొట్టు తాకట్టు పెట్టి అటు వెళ్లకండి. ఎవరైనా చుట్టాలు బలవంతపెడితే బాబు పేరు చెప్పి నా మాట వినిపించండి.

మీ వార్డు నంబరు రాస్తే, దరఖాస్తుతో ఏ కాగితాలు జత చేయాలో వివరంగా రాస్తాను. అప్పటిదాకా ఆధార్, రేషన్ కార్డు, జనన ధ్రువపత్రం, డాక్టరు చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, రెండేసి జిరాక్సులు తీసి ఉంచండి.