అమ్మడికి, ముందు పన్ను గురించి

అమ్మడూ,

స్కూటర్ మీద నుంచి పడి పై ముందు పన్ను పోగొట్టుకున్నావనీ, లోపల విరిగిన వేరు కూడా తీసేశారనీ, దవడ ఎముకలో మర దించి దాని మీద పన్ను కట్టే ఇంప్లాంట్ పెట్టించుకోబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. హెల్మెట్ సంగతి నేనెత్తను, మీ నాన్న ఈపాటికి ఎత్తే ఉంటాడు. డాక్టరును నువ్వే వెతుక్కుని, ఖర్చు కూడా నీ జీతంలోంచే పెట్టుకుంటానన్నావట. గర్వంగానే ఉంది. కానీ "పెళ్లిలోపు అయిపోవాలి, మంచి తెల్లగా కట్టమన్నాను" అన్నావట చూడు, ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ల్యాబ్‌లో పళ్లు చేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి, నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?

దవడకు స్కానింగ్ తీయించుకో. షుగర్ చూపించుకో. పళ్లు తెల్లబరిపించుకోవాలని ఉంటే ముందే ఆ పని కానివ్వు, ఇంప్లాంట్ మీద పన్నులా తొడిగే పింగాణీ క్యాప్ తర్వాత తెల్లబడదు. పన్ను ఊడిపోతుందేమోనన్న భయం పెట్టుకోకు. 1965లో స్వీడన్‌లో బ్రెనేమార్క్ అనే ఆయన గోస్టా లార్సన్ అనే పేషెంటుకు పెట్టిన టైటానియం ఇంప్లాంట్లు, ఆ మనిషి 2006లో పోయేదాకా దవడలోనే ఉన్నాయి. ఎముక టైటానియాన్ని తనలో కలుపుకుంటుంది. నిలబడటం గురించి నాకు దిగులు లేదు. నా దిగులంతా అది ఎలా కనిపిస్తుందోనని.

తెలుపు మాటకు వస్తాను. అసలు పన్ను ఏదీ ఒకే తెలుపుగా ఉండదు. చిగురు దగ్గర పసుపు, మధ్యలో లేత రంగు, అంచున గాజులా కాస్త పారదర్శకం. మేము రంగు సరిచూసే వీటా షేడ్ గైడ్‌లో 16 ఛాయలుంటాయి, అయినా చాలవు. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఒక మాస్టారికి క్యాప్ చేసినప్పుడు, పక్క పన్ను మీద ఉన్న గోధుమరంగు చారలను సన్నని కుంచెతో దీని మీదా గీశాను. ఏది కట్టుడు పన్నో ఇంట్లోవాళ్లు కూడా పోల్చలేకపోయారట. నీ పక్క పన్ను మీద చిన్న తెల్లమచ్చ ఉంది కదా, అది కొత్త దాని మీదా ఉండాలని అడుగు. రంగు చూసేది పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ లేకుండా, కుర్చీలో కూర్చోగానే చూడాలి. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పళ్లు ఆరిపోయి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి.

ఇక మీ అమ్మ సంగతి. నేను రాశానని ఆవిడతో అనకు.

నువ్వింకా బడికి వెళ్లని రోజుల్లో అక్క ముందు పన్ను తీయించుకుంది. తీసి పెట్టుకునే పన్ను తాత్కాలికంగా నేనే చేసిచ్చాను. "ఏడాది దాటనివ్వకు, ఇంప్లాంట్ పెట్టించుకో" అని పోరాను. "నొప్పి లేదు, ఎవరికీ తెలియడం లేదు, ఇప్పుడు తొందరేముందిరా" అంది. పన్ను తీసిన చోట ఎముక ఊరికే ఉండదు, అమ్మడూ. మొదటి ఏడాదిలోనే వెడల్పులో సగం దాకా కరిగిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. పైకి ఏమీ తెలియదు. నువ్వు ఇంటర్‌లో చేరాక గానీ ఆవిడ కదల్లేదు. అప్పటికి అక్కడ కత్తి అంచంత ఎముక మిగిలింది. ఎముక పొడి వేసి కట్టాలని డాక్టరు అంటే, "ఇంకో ఆపరేషనా, నా వల్ల కాదు" అని మొండికేసింది. చెబితే వింటుందా? ఉన్న ఎముకలోనే లోతుగా దించారు. దాని మీద కూర్చునే పన్ను పొడుగ్గా రాక ఏమవుతుంది? పళ్ల మధ్యకు దిగాల్సిన చిగురు దిగలేదు, అక్కడ నల్లని సందు మిగిలింది. గులాబీరంగు పింగాణీతో దాన్ని కప్పడానికి నానా తంటాలు పడ్డాం. ఆ పన్నుతో ఆవిడ ఇప్పటికీ జామకాయ కొరుకుతుంది, అంత గట్టిది. కానీ నవ్వు వస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నువ్వు దాన్ని సిగ్గనుకుంటున్నావు. నీ బారసాల ఫొటో తీసి చూడు, అక్క ఎలా నవ్వేదో.

నీ నవ్వు ఆవిడదే. పెదవి పైకి లేచి చిగురంతా కనిపిస్తుంది. అందుకే నీకు పన్ను కంటే చిగురు ముఖ్యం. చిగురు పల్చగా ఉంటే లోపలి టైటానియం నీడ బూడిదరంగులో తేలుతుంది. ఇంప్లాంట్‌కూ క్యాప్‌కూ మధ్య వచ్చే ముక్కను తెల్లగా ఉండే జిర్కోనియాతో చేయవచ్చేమో డాక్టరుగారిని అడుగు.

మరి పెళ్లి? ఎముకకు ముహూర్తాలు తెలియవు. ఇంప్లాంట్‌ను అది పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి మొదలుపెట్టడం ఆలస్యం చేయకు, ముగించడానికి తొందరపెట్టకు. మాఘమాసంలో తాత్కాలిక పన్నుతోనే పీటల మీద కూర్చో, ఫొటోల్లో ఎవరూ పోల్చలేరు. ఆ పన్ను కొరికినప్పుడు కింది పళ్లకు తగలకుండా చూడమను. తర్వాత ఇంప్లాంట్ మీదనే ఒక తాత్కాలిక పన్ను బిగించి కొన్నాళ్లు ఉంచుతారు. చిగురు దాని చుట్టూ ఒదిగి ఆకారం తెచ్చుకుంటుంది. డబ్బు దండగనుకుని ఆ మెట్టు దాటేయకు. విందులో చెకోడీల జోలికి మాత్రం వెళ్లకు, నీ సంగతి నాకు తెలుసు.

విరిగిన ముక్క దాచావా? ఉంటే ల్యాబ్‌కు పంపించు, ఆకారానికి పనికొస్తుంది. లేకపోతే నువ్వు నోరారా నవ్విన కాలేజీ ఫొటో ఒకటి ఇవ్వు. క్యాప్ సరిచూసే రోజు నాకు ముందుగా చెప్పు, బస్సెక్కి వస్తాను. డాక్టరుగారి పనికి అడ్డం రానులే. కిటికీ పక్కన ఒక కుర్చీ వేయిస్తే చాలు.

మీ మామయ్య